ఎనిమిదో పళ్లెం

సోగత్తూరు,
11 ఆగస్టు 2006

తమ్ముడు సదాశివానికి అక్క తిమ్మమ్మ దీవెనలు.

నేను ఉత్తరం రాసి పన్నెండేళ్లయింది. ఇప్పుడెందుకు పెన్ను పట్టానంటే, ఫోనులో నాకు తిట్టడం రాదు. మా ఫోను మీ బావ పడక కుర్చీ పక్కన ఉంది. మీ ఇంటికి ఎప్పుడు చేసినా నీ భార్య యోగలక్ష్మి తీస్తుంది. నా గొంతు సంగతి నీకు తెలుసు, కోపం వస్తే ఇంకా తగ్గిపోతుంది. అవతలివాళ్లు లైను తెగిందనుకుంటారు. కాగితం మీద ఆ ఇబ్బంది లేదు. పైగా ఈ తమిళ ఊళ్లో, మా ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారే గానీ చదవడం నాకొక్కదానికే వచ్చు. నాన్న మనిద్దరినీ పట్టుబట్టి తెలుగు బడిలో వేసినందుకు ఇన్నాళ్లకు ఒక ఉపయోగం కనిపించింది.

ఆడి నెల పద్దెనిమిదో నాటి పండక్కి నువ్వూ యోగలక్ష్మీ తెచ్చిన పుట్టింటి కానుకల సీరు గురించి రాస్తున్నాను. కీర్తిక పెద్దమనిషైనప్పుడు మేనమామగా పెట్టాల్సింది, నాలుగేళ్లు ఆలస్యంగా తెచ్చావు. ఆలస్యమైనా ఏడు పళ్లేలతో మర్యాదగా తెచ్చావని దీపం వెలిగించి కళ్లకద్దుకున్నాను. పట్టుచీర బదులు సైకిలు సామాను ఇమ్మని అడిగింది నీ మేనకోడలే కాబట్టి అందులో నీ తప్పు లేదు. పసుపు కుంకుమ పెట్టిన సైకిలు పళ్ల చక్రాలను చూసి వీధి ఆడవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. అదీ భరించాను.

భరించలేనిది ఇది. ఆ సామాను బండికి సరిపోలేదు.

దాని పందెం బండికి పెడళ్ల దగ్గర గొలుసు తిరిగే పళ్ల చక్రాలు మూడుండేవి. అవి అరిగిపోయి ఎత్తెక్కేటప్పుడు గొలుసు జారుతోంది. పెడళ్లు తగిలించే క్రాంకు రెండు చక్రాలది వేస్తే బరువు తగ్గుతుందని, గొలుసును ఒక చక్రం మీంచి ఇంకోదాని మీదికి నెట్టే డిరైలర్ కూడా దానికి తగిన జోడీ అయి ఉండాలని నువ్వు మా అరుగు మీద కూర్చుని గంటసేపు చెప్పావు. ఫ్యాక్టరీ టూల్ రూములో ఇరవై రెండేళ్లు పనిచేసినవాడివి కదా అని కాఫీ ఇచ్చి విన్నాం. బస్టాండు వెనక సైకిలు కొట్టు మునియన్ అన్నీ బిగించాడు. చిన్న చక్రం మీద గొలుసు చక్కగా తిరుగుతోంది. పెద్ద చక్రం మీదికి మాత్రం ఎక్కదు. డిరైలర్ అంతదూరం పోయి, గోరంత దూరంలో ఆగిపోతుంది. మునియన్ తమిళంలో అన్నదాన్ని తెలుగులో రాస్తున్నాను. "మీ తమ్ముడు మంచి సామానే కొన్నాడమ్మా. వేరే ఎవరి బండికో కొన్నాడు."

సెప్టెంబరు పదో తేదీ ఆదివారం రాష్ట్ర జట్టుకు ఎంపిక పందెం ఉంది. సేలం వైపు నుంచి బయల్దేరి, తోపూరు కనుమ ఎక్కి, నల్లంపల్లి దగ్గర ముగుస్తుంది. మొదటి ముగ్గురినే తీసుకుంటారు. మీ బావ తన మాట చెప్పేశాడు. "ఇదే కడసారి. ఈ తూరి ఎన్నిక కాకుంటే బండి అమ్మేస్తాను. కారిమంగళంలో టైపింగు నేర్చుకోనీ." ఆయన ఒకసారి అన్న మాటను రెండోసారి అనడు, నీకు తెలుసు.

ఏం చేయాలో రాయి. మాకు అర్థమయ్యేలా రాయి. పొయ్యి మీద పాలున్నాయి, ఆపుతున్నాను.

నీ అక్క
తిమ్మమ్మ


బెంగళూరు,
17 ఆగస్టు 2006

అక్కకు నమస్కారాలు.

పన్నెండేళ్ల తర్వాత వచ్చిన ఉత్తరంలో మా క్షేమం అడిగిన వాక్యం ఒక్కటీ లేదు. అడగకపోయినా చెబుతున్నాను, బాగున్నాం.

సామాను సరిపోలేదా? అక్కా, జూన్‌లో మీ ఇంటికి వచ్చినప్పుడు కాలిపర్‌తో ఆ బండిని మూల మూలా కొలిచి నోటు పుస్తకంలో రాసుకున్నాను. సీటు కింది గొట్టం ఇరవై ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల పైన ఇంకొక్క వెంట్రుక. డిరైలర్ పట్టీ సరిగ్గా ఆ కొలతదే. తీగ కింది నుంచి లాగాలి, కింది నుంచి లాగేదే కొన్నాను. వెనక తొమ్మిది గేర్లు కాబట్టి గొలుసు సన్నది, దాన్ని నెట్టే డిరైలర్ పంజరం కూడా సన్నదే. పెద్ద చక్రానికి యాభై రెండు పళ్లు, చిన్నదానికి ముప్ఫై తొమ్మిది. ఆ వంపుకూ ఆ తేడాకూ తయారుచేసిన డిరైలర్ అది. కొట్టువాడు మూడు చక్రాల బండిది అంటగట్టబోతే, అది రెండు చక్రాల మీద గీసుకుంటుందని నేనే వాడికి పాఠం చెప్పి వచ్చాను. ఇంత చేసినవాణ్ణి పట్టుకుని వేరే ఎవరి బండికో కొన్నాడంటాడా?

తప్పు నీ మునియన్‌ది. పాల క్యాన్లు మోసే సైకిళ్లకు పంక్చర్లు వేసే మనిషి డిరైలర్‌ను ఎప్పుడు చూశాడు? దాని నెత్తి మీద రెండు చిన్న స్క్రూలుంటాయి. బయటివైపు దాన్ని వదులు చెయ్యమను. నేను పళ్లేల్లో పెట్టినదంతా బిగించమను. సగం బిగించి సగం డబ్బాలో వేసుకునే అలవాటు చిన్న కొట్లవాళ్లకు ఉంటుంది. అప్పటికీ కుదరకపోతే మొత్తం నాకు తిరిగి పంపు, చూసి సరిచేసి ఇస్తాను.

జయరామ బావకు నమస్కారాలు. బండి అమ్ముతానన్న మాట నాకు నచ్చలేదని మాత్రం ఆయనకు చెప్పకు.

నీ తమ్ముడు
సదాశివం


సోగత్తూరు,
23 ఆగస్టు 2006

సదాశివానికి,

తిరిగి పంపమని రాశావు. నీ అక్షరాలేనా అని రెండుసార్లు చూసుకున్నాను. పుట్టింటి సీరు గడప దాటి లోపలికి వచ్చాక వెనక్కి పోతే దానర్థం ఏమిటో నీకు తెలియదా? మన చిన్నత్త ఒక్క ఇత్తడి బిందె తిరిగి పంపినందుకు రెండిళ్ల మధ్య ఇరవయ్యేళ్లు మంచినీళ్లు కూడా పుట్టలేదు. బెంగళూరులో ఉంటే ఇలాంటివి మరిచిపోవచ్చేమో. మేమింకా ఇక్కడే ఉన్నాం. నీకు అక్క అక్కర్లేదనిపిస్తే ఒక ముక్క రాసెయ్యి చాలు, సైకిలు సామాను దాకా పోనక్కర్లేదు.

డబ్బాలో వేసుకుంటాడని మునియన్‌ను అన్నావు. ఆయన విప్పిన పాత క్రాంకు, పాత డిరైలర్, రెండు బోల్టులు నా కళ్ల ముందే గుడ్డలో మూటకట్టి ఇచ్చాడు. కొత్తవాటిలో ఒక్క వాషరు మిగల్లేదు. నీ మాట ఆయనకు చెప్పలేదు. నాకు సిగ్గేసింది.

నీ స్క్రూ సంగతి మాత్రం చదివి వినిపించాను. దాన్ని పూర్తిగా వదులు చేసినా గోరంత దూరం గోరంతగానే ఉంది. అప్పుడు డిరైలర్‌ను కొంచెం బయటికి తిప్పి బిగించాడు. గొలుసు పెద్ద చక్రం ఎక్కింది గానీ పెడలు తిరిగినప్పుడల్లా క్రాంకు దానికి తగిలి టక్కుమంటోంది. సోమవారం పొద్దున నల్లంపల్లి దాటాక గేరు మారుస్తుంటే గొలుసు ఎగిరి బయట పడింది, పెడలు మీది కాలు జారింది, పిల్ల రోడ్డు మీద పడింది. మోచెయ్యి, మోకాలు చర్మం లేచిపోయాయి. నేను పసుపు పెట్టబోతే, "నాకేమీ కాలేదు మా, ముందు గొలుసు తెగిందేమో సూడు" అంది.

మీ బావ చూసి ఒకటే మాట అన్నాడు. "మీ తమ్ముడు సీరు తెచ్చినాడా, గాయాలు తెచ్చినాడా?"

ఆయనకు చూపించడానికి నా దగ్గర ఏముంది? నీ నోటు పుస్తకం ఉందా?

మంగళవారం నుంచి ఒక పూట ఉపవాసం ఉంటున్నాను, పిల్ల కోసం. నీ కొలతల కోసం దేవుణ్ణి ఇబ్బంది పెట్టడం లేదు.

తిమ్మమ్మ


బెంగళూరు,
30 ఆగస్టు 2006

అక్కకు,

నువ్వు దేవుడి ముందు దీపం వెలిగిస్తావు, కాగితం మీద మనుషులను కాలుస్తావు. ఎదుట కూర్చుంటే ఒక్క మాట గట్టిగా అనని మనిషివి ఇంత ఎక్కడ దాచావు?

కీర్తిక పడిందని చదివి నోటు పుస్తకం మళ్లీ తీశాను. నీ మీద తర్వాత కోపపడతాను. ముందు ఇది చదువు, మెల్లగా చదువు.

క్రాంకు ఒక ఇరుసు మీద కూర్చుంటుంది. దాన్నే యాక్సిల్ అంటారు, పెడళ్లకు నడుమ ఫ్రేములో దాగి ఉంటుంది, బయటికి కనిపించదు. మూడు చక్రాలవాటికి అది పొడుగు ఉంటుంది. పాతది నూట పద్దెనిమిది మిల్లీమీటర్లు. రెండు చక్రాలవాటికి నూట పది చాలు. పాత ఇరుసు మీదే కొత్త క్రాంకు బిగిస్తే చక్రాలు నాలుగు మిల్లీమీటర్లు బయటికి జరుగుతాయి. రెండు చక్రాల డిరైలర్ అంత దూరం చాచలేదు. అదే నీ గోరంత. నువ్వు రాసిన లక్షణాలన్నీ అవే. డిరైలర్ తప్పు కాదు, క్రాంకు తప్పు కాదు. మునియన్ పాత ఇరుసు మార్చలేదు.

కొత్త ఇరుసు నేను కొన్నాను. అట్టపెట్టెలోంచి తీసి, గ్రీజు పూసి, నా చేతులతో పళ్లెంలో పెట్టాను. అక్కడ లేదంటే ఒక్కటే అర్థం. అది మునియన్ కొట్టులో ఉంది. దొంగ అని నేను అనను. తెలియక పక్కన పడేసి ఉంటాడు. అడుగు. గట్టిగా అడుగు, నీకు వచ్చినంత గట్టిగా.

తిరిగి పంపమన్నది సామాను బాగుచెయ్యడానికి. చిన్నత్త బిందె దాకా నువ్వు తీసుకుపోయావు.

శుక్రవారం ఫ్యాక్టరీ పని మీద పూణె పోతున్నాను. పదకొండు రాత్రికి గానీ రాను.

సదాశివం


సోగత్తూరు,
4 సెప్టెంబరు 2006

సదాశివానికి,

నువ్వు చెప్పినట్టే అడిగాను. అడగకూడని విధంగా అడిగాను. "మా తమ్ముడు ఒక ఇరుసు పంపినాడంట, మీ దగ్గరేమైనా ఉండిపోయిందా" అన్నాను. మునియన్ పనిముట్ల పెట్టె ఎత్తి వీధిలో బోర్లించాడు. డబ్బాలన్నీ ఒక్కొక్కటీ తెచ్చి గుమ్మరించాడు. "నలభై ఏళ్లుగా ఇదే చోట కూర్చున్నానమ్మా. వెతుక్కోండి," అన్నాడు. నేను వంగి వెతికాను, సదాశివం. చుట్టూ నలుగురు నిలబడి చూస్తుండగా మోకాళ్ల మీద కూర్చుని ఆయన నట్టులూ బోల్టులూ ఏరాను. ఇరుసు లేదు. ఇక నుంచి మా బండి ముట్టనని చెప్పాడు. ఆయన మాటలో తప్పు లేదు.

ఆ కొత్త ఇరుసు ఎక్కడైనా దొరుకుతుందేమోనని ధర్మపురిలో, సేలంలో అడిగించాను. ఆ కొలతది లేదన్నారు. మీ ఇంటికి ఫోను కూడా చేశాను. "ఇరుసా? అదేంది వదినా? ఆయన సర్దిండేవన్నీ ఎత్తుకొనే వచ్చినాము కదా" అంది యోగలక్ష్మి. నువ్వు పూణెలో ఏ నంబరులో ఉంటావో ఆమెకు తెలియదు.

నువ్వు పెట్టానంటావు, ఇక్కడ లేదు. పళ్లేలు అందుకున్నదాన్ని నేనే, ఒక్కొక్కటీ రాస్తున్నాను, చూసుకో. మొదటిదాంట్లో పసుపు, కుంకుమ, పూలు. తర్వాత టెంకాయలు, తమలపాకులు. అరటిపళ్లు. లడ్లు. నాకు నూలుచీర, దాని రంగు గురించి వేరే ఉత్తరం రాయాలి. ఆరోదాంట్లో క్రాంకు, ఏడోదాంట్లో డిరైలర్. గ్రీజు పూసిన ఇనుము వీటిలో ఏది? లడ్లా?

కొనడం మరిచిపోయి ఉంటావు. మరిచిపోయానని రాయడానికి నీ టూల్ రూము ఒప్పుకోదు. అందుకని ఒక ముసలివాడి పెట్టె వీధిలో గుమ్మరించాల్సి వచ్చింది.

కీర్తిక డిరైలర్‌ను తానే తిన్నగా తిప్పి బిగించుకుంది. చిన్న చక్రంతోనే పందేనికి పోతుందట. "ఎక్కేదానికి అది సాలు మా. పైన చదును వస్తే ఎంత తొక్కినా పోదు. అప్పుటికి ముందుండాల, అంతే" అంది. అంత తేలిగ్గా అంది.

తిమ్మమ్మ


బెంగళూరు,
13 సెప్టెంబరు 2006

అక్కకు,

పదకొండు రాత్రి ఇల్లు చేరి నీ ఉత్తరం చదివాను. పందెం ముందురోజే అయిపోయిందని తెలుసు. నిన్న ఫోను చేస్తే బావ తీశాడు. ఆయన గొంతు విని పెట్టేశాను.

నీ ఏడు పళ్లేల లెక్క చదువుతూ యోగలక్ష్మిని పిలిచి అడిగాను, నల్లటి ఇనప కడ్డీ లాంటిది, రెండు వైపులా పలకలుగా చెక్కి ఉంటుంది, ఎక్కడుందని. "అదా?" అని వంటింట్లోకి పోయి బియ్యం డబ్బా వెనక నుంచి తీసుకొచ్చింది.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "బయలుదేరే ముందర లెక్క పెడితే ఎనిమిది పళ్లేలు అయినాయి. సరి సంఖ్యతో సీరు ఎత్తుకొని ఆడబిడ్డ గడప తొక్కుతారా ఎవురైనా? ఏడుకు తగ్గించాల. పూలు తీసేదానికి లేదు, టెంకాయ తీసేదానికి లేదు. ఈ జిడ్డు కట్టె మీ పనిముట్టు అనుకొంటిని. వదిన ఇరుసు అని అడిగినాది, ఇదే ఇరుసని నాకెట్ల తెలిసేది?"

అరవబోయి ఆగాను. ముందు రాత్రి సామాను పళ్లేల్లో పెట్టేసి, ఆ పొద్దున మిగతా సర్దడం ఆడవాళ్ల పని అని పక్క గదిలో కూర్చుని బస్సు టికెట్లు చూసుకున్నవాణ్ణి నేనే. దారంతా వాటి మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. మీ గుమ్మం ముందు నా చేతులతోనే దించాను. మిల్లీమీటరులో వందో వంతు తేడా పట్టే మొనగాణ్ణి, ఏడుకూ ఎనిమిదికీ తేడా పట్టలేకపోయాను. నన్ను తిట్టు. ఈసారి నీ ఉత్తరం పూర్తిగా చదువుతాను.

ఇరుసును సాయంత్రం బస్సు కండక్టరు చేతికి ఇస్తున్నాను. ధర్మపురి బస్టాండులో అడిగి తీసుకో. మునియన్‌ను నేను అన్నవన్నీ నీ దగ్గరే ఉంచు. బావకు ఏం చెప్పాలో నువ్వే తేల్చు. నిజం చెబితే ఆయన యోగలక్ష్మిని మళ్లీ గడప ఎక్కనివ్వడు. చెప్పకపోతే బండి అమ్మేస్తాడు.

పందెం ఏమైంది?

సదాశివం


సోగత్తూరు,
21 సెప్టెంబరు 2006

తమ్ముడు సదాశివానికి అక్క దీవెనలు.

నాలుగో స్థానం.

కనుమ పైకి చేరేటప్పటికి అదే ముందుందట, వెనకవాళ్లు కనుచూపు దూరంలో ఉన్నారట. పైకి వచ్చాక చదును. అందరూ పెద్ద చక్రం మీదికి మార్చుకున్నారు. దీని కాళ్లు గిరగిరా తిరుగుతున్నాయే గానీ బండి కదలడం లేదు. నల్లంపల్లి గీత ముందు ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు దాటిపోయారు. మూడో పిల్లకూ దీనికీ మధ్య ఒక సైకిలు పొడుగు కూడా లేదు. ఇంటికి వచ్చి ఏడవలేదు. బండి తుడిచి గోడకు ఆనించి, "నాయనా, ఎప్పుడు అమ్మేది?" అని అడిగింది. ఆదివారం కారిమంగళం నుంచి ఒక మనిషి చూడ్డానికి వస్తాడన్నాడు మీ బావ.

శుక్రవారం నీ ఉత్తరం వచ్చింది, శనివారం ధర్మపురి బస్టాండులో అడిగి ఇరుసు తెచ్చుకున్నాను. యోగలక్ష్మిని ఏమీ అనకు. ఆమె తెలివి గురించి నా అభిప్రాయం మారలేదు, కానీ ఈ విషయంలో నేను నోరెత్తలేను. ఆ రోజు మీరు గుమ్మంలో నిలబడగానే నేను మొదట చేసిన పని పళ్లేలు లెక్కపెట్టడం. మీ ముఖాలు తర్వాత చూశాను. ఏడు కనిపించాయి, మనసు కుదుటపడింది. ఎనిమిది ఉంటే లోపలికి రానిచ్చేదాన్ని కాదు, ఏదో ఒకటి నేనే తీసి అరుగు మీద పెట్టించేదాన్ని. ఏది తీసేదాన్నో కూడా నాకు తెలుసు. నెల రోజులు నీ కొలతలను ఎగతాళి చేశాను. నా కొలత అది.

ఆదివారం పొద్దున కారిమంగళం మనిషి రాకముందే స్నానం చేసి, దీపం పెట్టి, మీ బావ దగ్గరికి పోయాను. ఇరుసు కొంగులో ఉంది. ఇలా చెప్పాను. సీరు ఎనిమిది పళ్లేలతో వచ్చింది. మీరు చూసేలోపు ఒక పళ్లెం నేనే పక్కకు తీశాను, సరి సంఖ్య మంచిది కాదని. అందులోది ఏమిటో తెలియక పూజ అరలో పెట్టి మరిచిపోయాను. ఇప్పుడు దొరికింది.

ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయనతో నేనాడిన మొదటి అబద్ధం అది. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

ఆయన చాలాసేపు ఇరుసును తిప్పి తిప్పి చూశాడు. "సైకిలు ఇరుసుకు నెలన్నర దీపం పెట్టినావా?" అన్నాడు. తర్వాత నవ్వాడు. కారిమంగళం మనిషి వస్తే అతనికీ చెప్పి నవ్వాడు. "మా ఇంటిది పూజ సేసేదానికి దేవుళ్లు సాలక ఇరుసును పెట్టుకొనింది. బిడ్డ ఓడింది బిడ్డ తప్పు కాదప్పా. బండి ఇంకొక ఏడాది ఉండనీ, నువ్వు పో." వీధిలో ఇప్పుడు అందరికీ తెలుసు. నీళ్లకు పోతే అడుగుతున్నారు, ఈ వారం ఏ సామానుకు అర్చన అని.

మునియన్ దగ్గరికి నేనే ఇరుసు తీసుకుపోయాను. ఆయనకూ అదే చెప్పాను, అందరి ముందూ చెప్పాను. ఆయన నవ్వలేదు. బండి తెమ్మన్నాడు. అరగంటలో బిగించాడు. మీట నొక్కగానే గొలుసు పెద్ద చక్రం మీదికి ఎక్కి కూర్చుంది, చప్పుడు కూడా లేదు. నీ జోడీ సరైనదే. ఇది ఒక్కసారే రాస్తాను, మళ్లీ అడగకు.

కీర్తిక నాతో మాట్లాడటం లేదు. ఇవాళ్టికి నాలుగో రోజు. అన్నం పెడితే తింటుంది, తల ఎత్తదు. తన చోటు పోగొట్టింది నా పిచ్చి నమ్మకమేనని అనుకుంటోంది. ఒక్క మాట చెబితే చాలు, నా వైపు చూస్తుంది. చెబితే అది వాళ్ల నాన్నకు చెప్పకుండా ఉండలేదు. ఆయన ఆ రోజే మీకూ మాకూ తెంచేస్తాడు. పొద్దున నాలుగున్నరకు లేచి అది తోపూరు వైపు బండి తీస్తుంటే నేను తలుపు వెనక నిలబడి వింటాను. అంత వరకు చాలు.

ఇక నా కోరిక ఒకటి. నా ఉత్తరాలు చింపకు. నీవి నా దగ్గర ఉంటాయి, నావి నీ దగ్గర ఉండనీ. జరిగింది జరిగినట్టు ఈ కాగితాల్లో తప్ప ఇంకెక్కడా లేదు. నోటితో అబద్ధం చెప్పినదాన్ని, చేతితోనైనా నిజం రాసి ఉంచానని దేవుడికి చూపించుకోవాలి. యోగలక్ష్మికి చదివి వినిపించకు. వినిపిస్తే వచ్చి నా కాళ్లకు దండం పెడుతుంది, అది నేను సహించలేను. పెట్టెలో అడుగున పెట్టు. ఎవరికీ చూపించకు.

నీ అక్క
తిమ్మమ్మ